ఆది జాకెట్టు చెప్పని కొలత

తెనాలిలో ముప్పై ఎనిమిదేళ్ళు జాకెట్లు కుట్టాను. చంక దగ్గర జాకెట్టు కాస్త పట్టేసిందంటే అరగంట గొడవపడేవాళ్ళు, లోపలి బ్రా భుజాన్ని కోసేస్తున్నా నోరు మెదిపేవాళ్ళు కాదు. ఆ సిగ్గు ఎందరిని బాధపెట్టిందో దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను.

1. జాకెట్టు ఛాతీ కొలత బ్రా సైజు కాదు.

ఒక టీచరమ్మ కొలతలివ్వడానికి వచ్చింది. పైట తీస్తే రెండు భుజాల మీదా గాళ్ళు. చిటికెన వేలు పెడితే ఇమిడిపోయేంత లోతు, చర్మం నల్లగా కమిలిపోయింది. "ఏ సైజు వేసుకుంటున్నావమ్మా?" అనడిగాను. "ముప్పై ఎనిమిది అక్కా, జాకెట్టు ఛాతీ అంతేగా" అంది.

మేము జాకెట్టుకు తీసేది రొమ్ముల మీదుగా చుట్టుకొలత. బ్రా మీదుండే అంకె రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ తీసే కొలతకు సంబంధించినది. ఆమెకు అక్కడ 34 అంగుళాలే. వదులైన పట్టీ వీపు మీదికి ఎగబాకి, బరువంతా భుజాలకెక్కింది. ఆ బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది కింది పట్టీ.

2. కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు.

మెత్తలు లేని పల్చటి బ్రా వేసుకుని అద్దం ముందు నిలబడండి. ఊపిరి వదిలి, రొమ్ముల కింద టేపు ఒంటికి ఆనేలా చుట్టండి. వెనక టేపు పైకి పోకూడదు. బేసి అంకె వస్తే దాని తర్వాతి సరి అంకె తీసుకోండి. తర్వాత నిండుగా ఉన్నచోట, నొక్కకుండా చుట్టండి. రొమ్ములు జారినవాళ్ళు కాస్త ముందుకు వంగి కొలుచుకుంటే నిజం తెలుస్తుంది. రెండింటికీ తేడా ఒక అంగుళమైతే ఏ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. టీచరమ్మకు పైన 38, కింద 34. అంటే 34డి. డి అనగానే ఆమె ముఖం ఎర్రబడింది. డి అంటే లావు అని ఎవరో చెప్పారట. కాదు, అది ఆ రెండు కొలతల తేడా, అంతే.

నెలసరికి ముందు వారం కొలవకండి, చాలామందికి అప్పుడు వాపు ఉంటుంది.

3. అంకెను నమ్మి ఆగిపోకండి, వేసుకుని చూడండి.

కంపెనీ కంపెనీకీ తేడా ఉంటుంది. కొత్తదాన్ని చివరి హుక్కుకి, అంటే అన్నిటికన్నా వదులుగా ఉండే హుక్కుకి పెట్టి చూడాలి. వాడగా వాడగా ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులు పనికొస్తాయి. వేసుకుని ముందుకు వంగి, చంకవైపు మిగిలిపోయిన కండను చేత్తో కప్పులోకి తెచ్చుకోండి. పైన ఉబికితే కప్పు చిన్నది, ముడతలు పడితే పెద్దది. చేతులెత్తినా పట్టీ కదలకూడదు. స్ట్రాపు కింద రెండు వేళ్ళు దూరాలి. రెండు రొమ్ములూ సమానంగా లేకపోతే పెద్దదానికి సరిపోయేది కొనండి. అలా ఉండటం మామూలే.

4. కొట్టువాడు కంటితో చూసి చెప్పిన సైజు తీసుకోకండి.

మీ నంబరు మీరే చెప్పండి. 34డి దొరక్కపోతే 36సి అడగండి, కప్పు దాదాపు అంతే ఉంటుంది, పట్టీ మాత్రం కొంచెం వదులు. వేసి చూడనివ్వని కొట్టయితే ఒక్కటే కొని, చీటీ తీయకుండా పల్చటి బనీను మీద వేసి చూసుకోండి. మార్చి ఇస్తారో లేదో ముందే అడగండి.

5. ఎండాకాలం నూలుదే మేలు.

రొమ్ముల కింద చెమట నిలిచి ఒరిసిపోతుంది. చేత్తో ఉతికి, మెలిపెట్టి పిండకుండా నీడన ఆరేయండి. ఇక రంగు మాటకొస్తే, నల్ల బ్రాతో క్యాన్సర్ వస్తుందని నా దగ్గర చాలామంది భయపడ్డారు. ఆ మాటకు ఆధారం లేదు. కానీ రొమ్ములో చేతికి గడ్డ తగిలితే మాత్రం ఆ రోజే బయలుదేరి డాక్టరుకు చూపించండి.

6. సైజు మారుతుంది.

కాన్పు, పాలివ్వడం, ఒళ్ళు రావడం, తగ్గడం, నెలసరి ఆగిపోవడం, ప్రతిదానికీ మారుతుంది. పెళ్ళినాటి నంబరే యాభై ఏళ్ళకీ చెప్పేవాళ్ళను చూశాను. ఏడాదికోసారి టేపు తీయండి. ఇంట్లో ఎదిగే పిల్ల ఉంటే తనకూ చూపించండి, తన కొలత తననే తీసుకోనివ్వండి.

7. బ్రా మారిస్తే జాకెట్టు కొలతా మార్చాలి.

టీచరమ్మ మూడు వారాల తర్వాత కొత్తది వేసుకుని వచ్చింది. నా చేతికి ఎప్పటిలాగే పాత ఆది జాకెట్టు ఇచ్చింది. తొడిగి చూస్తే డాట్లు రొమ్ము మొన కన్నా అంగుళం కిందున్నాయి. ఆది మడిచి సంచిలో పెట్టేసి, భుజం దగ్గర్నుంచి మళ్ళీ టేపు పట్టాను.