దుఃఖముతో కూడ నుండు ఆనందము

చదువవలసిన భాగము: ఫిలిప్పీ 2:19–30, 4:1–13



మరణము సంభవించిన యింటికి వెళ్లినప్పుడు మనలో అనేకులము ఒక మాట చెప్పుచుందుము: ఏడువవద్దు, మనము విశ్వాసులము గదా, సంతోషింపవలెను అని. చెప్పువారి మనస్సు మంచిదే. అయితే ఆ మాట వినిన విధవరాలు తన కన్నీళ్లను చూచి తన విశ్వాసమునే శంకించుకొనుట మన మెరుగుదుము. కావున క్రైస్తవుని ఆనందమనగా ఏమో, లోకము సంతోషమని పిలుచునది ఏమో, ఫిలిప్పీ పత్రికనుండి ఈ మాసము నేర్చుకొందము.

లోకసంబంధమైన సంతోషము మనకు సంభవించువాటిని ఆనుకొని యుండును. పంట చేతికి వచ్చెనా, కుమారునికి ఉద్యోగము దొరికెనా, అది వచ్చును. అవి పోయిన అదియు పోవును. దానిని తృణీకరింపనక్కరలేదు. వానలును పంటకాలములును దేవుని మేలులే యని పౌలు లుస్త్రలో చెప్పెను (అపొ. కార్య. 14:17). గ్రీకు తత్త్వజ్ఞుడైన అరిస్టాటిల్ మానవుని గురి సౌఖ్యమని బోధించి, మిత్రులు, ధనము మొదలైనవి కొంతవరకైనను లేనిదే అది పూర్తి కాదని తానే ఒప్పుకొనెను. అతడు దానికి వాడిన ‘యూడైమోనియా’ అను మాట క్రొత్త నిబంధనలో ఒక్క చోటనైనను లేదు. పౌలు వాడినది ‘ఖరా’. ఇది కృప అని అర్థమిచ్చు ‘ఖారిస్’ అను మాటకు చుట్టము. మాటల చుట్టరికముమీద సిద్ధాంతము కట్టరాదు గాని, ఈ చుట్టరికము మరువదగినది కాదు.

నాలుగే అధ్యాయములు గల ఈ పత్రికలో ఆనందమును తెలుపు ఆ మాటయు, దానికి సంబంధించిన క్రియలును కలిసి 16 మారులు వచ్చుచున్నవి. వ్రాసినవాడో సంకెళ్లలో నున్నాడు. బ్రదుకునో చచ్చునో తేలలేదు (1:20–23). ఇంతవరకు మనము అనేక ప్రసంగములలో వినియున్నాము. తరచుగా వినబడనిది రెండవ అధ్యాయములో నున్నది.

ఫిలిప్పీ సంఘపువారి కానుకను తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావునకు సమీపించెను. దేవుడు కనికరించి అతని బ్రదికించెను. ఆ కనికరము తనమీద కూడ చూపబడినదనియు, లేనిచో తన దుఃఖము రెట్టింపయ్యెడిదనియు పౌలు వ్రాయుచున్నాడు (2:27). ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. రెట్టింపగుటకు మొదటి దుఃఖమొకటి అప్పటికే యుండవలెను గదా! స్నేహితుడు చనిపోయినను సంతోషింతునని పౌలు అనలేదు. తరువాతి అధ్యాయములో కొందరినిగూర్చి ఏడ్చుచునే వ్రాయుచున్నాడు (3:18). ఎల్లప్పుడు ఆనందింపవలెనని నాలుగవ అధ్యాయములో ఆజ్ఞాపించినవాడు ఇతడే. అతని కన్నీళ్లు ఆ ఆజ్ఞను మీరలేదు.

ఎట్లనగా, ఆ ఆజ్ఞలో ఆనందమునకు చోటు చూపబడినది, అది ప్రభువునందు. ఆయన సమీపముగా నున్నాడని మరుసటి వచనమే చెప్పుచున్నది. ఎపఫ్రొదితు బ్రదికినను బ్రదుకకున్నను ఆ సమీపము మారదు. ఈ ఆజ్ఞకు కొంచెము ముందే, ఏకమనస్సు లేని ఇద్దరు స్త్రీలను పౌలు బతిమాలుకొనుచున్నాడు. అనగా కలహమున్న సంఘమునకే ఆనందించుమని వ్రాయబడెను.

మరియు సంతృప్తి తాను నేర్చుకొన్నదని పౌలు చెప్పుచున్నాడు (4:11–12). పుట్టుకతో వచ్చిన స్వభావము కాదు, ఒక్క దినములో దిగివచ్చినదియు కాదు. లేమియందే గాక సమృద్ధియందు ఎట్లుండవలెనో కూడ నేర్చుకొనవలసి వచ్చెను. ఈ రెండవ పాఠమును మనము సులభమని తలంతుము. సమృద్ధి గల మన కుటుంబములలోని ప్రార్థన చూచిన అట్లు తోచదు.

ఈ మాసములో దుఃఖమున్న యింటికి వెళ్లువారు మొదట కొంతసేపు ఊరక కూర్చుండవలెనని కోరుచున్నాము. వాక్యము చదువుమని ఇంటివారు అడిగినయెడల, నాలుగవ అధ్యాయమునకు ముందు 2:25–30 చదువుడి. ఆ తల్లి ఏడ్చిన, ఏడువనియ్యుడి.