మహేంద్రగిరి యాత్రకు మూట కట్టుట

వానలు వెనుకబట్టి కార్తీకము వచ్చినంతనే మన ప్రాంతపు విద్యార్థుల మనస్సు మహేంద్రగిరి మీదికి పోవును. ఒడిశాలోని గజపతి జిల్లాలో 1501 మీటర్ల యెత్తున నున్న ఈ కొండపై భీముని పేరను, కుంతి పేరను, ధర్మరాజు పేరను రాతిగుడులు గలవు. మహేంద్రతనయ యను నది ఈ కొండకూతురని దాని పేరే చెప్పుచున్నది. తప్పక చూడదగిన చోటు. కాని యేమి మోసికొనిపోవలయునో, దానిని ఎట్లు కట్టవలయునో తెలియక పోయినవారు అచ్చట మిక్కిలి శ్రమపడుదురు.

విద్యార్థులారా, కొండ యనగానే మీరు చలినిగూర్చి యోచింతురు. ఇచ్చట ముందు యోచింపవలసినది తడి. సముద్రము చేరువ గనుక గాలిలో నీటియావిరి నిండియుండును. అట్టి గాలి మరికొంత యావిరిని పుచ్చుకొనజాలదు. కావున ఇంటియొద్ద ఒక పూటలో ఆరెడు చొక్కా కొండపై మరునాటికిని చెమ్మగానే యుండును. పైగా వేయి మీటర్ల యెత్తునకు సుమారు 6 డిగ్రీల చొప్పున వేడి తగ్గును. తీరమున 25 డిగ్రీలున్న వేళ శిఖరమున 16 డిగ్రీలుండవచ్చును. అది యెంత చలి యందురేమో! పొడిబట్టలతో నున్నవానికి కాదు. కాని నీరు గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగివేయును. తడిసిన నూలుచొక్కా ఒంటినంటుకొన్నవానికి, గాలి వీచెనేని, ఆ 16 డిగ్రీలే ప్రమాదము.

ఒక యేడు మేము కొందరు పిల్లలను వెంటబెట్టుకొని అట్టి కొండ నొకదాని నెక్కితిమి. మధ్యాహ్నము మొదలు పొగమంచు, సన్నని జల్లు. ఒక బాలుడు దుప్పటిని, మార్పుబట్టలను ఉత్త గుడ్డసంచిలో పెట్టుకొని వచ్చెను. బస చేరి విప్పిచూడగా పొడిగుడ్డ యొక్కటియు లేదు. రాత్రి వణకు పట్టెను. మాట తడబడెను. మేము భయపడి తడిబట్టలు విప్పించి, తోటివారి పొడిబట్టలు తొడిగి, వేడి బెల్లపునీరు త్రాగించి, ఇద్దరి నడుమ పరుండబెట్టితిమి. తెల్లవారుసరికి తేరుకొనెను. తప్పు ఆ బాలునిది కాదు. ఏమేమి తెచ్చుకొనవలయునో చెప్పితిమి గాని, ఎట్లు కట్టుకొనవలయునో మేము చెప్పలేదు.

కావున ఇప్పుడు చెప్పుచున్నాము. రాత్రికి తొడుగుకొను జత యొకటి, ఉన్ని చొక్కా, మేజోళ్ళు, దుప్పటి. వీనిని దళసరి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి పోవునట్లు ఒత్తి, మూతి మెలిపెట్టి, మడిచి, త్రాటితో కట్టవలయును. దానిని మరియొక ప్లాస్టిక్ సంచిలో దించి అటులనే కట్టవలయును. వీపుసంచి వాన కాగునని అంగడివాడు చెప్పిన మాటను నమ్మకుడు; నీరు కుట్టుపనిగుండ దిగును. అగ్గిపెట్టెను, టార్చిలైటును వేరుగా చిన్న సంచులలో కట్టుడు. పొడిమూట అడుగునను, వానకోటు అన్నిటికంటె పైనను ఉండవలయును.

మూట కట్టుటకంటె కష్టమైన పని మరునాటి యుదయమున గలదు. రాత్రి తొడిగిన పొడిజతను విప్పి మరల మూటగట్టి, నిన్నటి తడిచొక్కానే తొడుగుకొని బయలుదేరవలయును. ఎవ్వరికిని ఇష్టముండదు, మాకును ఉండదు. కాని నడక మొదలిడిన కొంతసేపటికి ఒంటివేడిచే ఆ చలి మరపునకు వచ్చును. పొడిజతతోనే నడచినవానికి మరుసటి రాత్రి రెండు జతలును తడియే. నడకకు పలుచని పాలియెస్టరు ఆటచొక్కా మేలు, త్వరగా ఆరును. జీన్సు లాగును ఇంటనే విడువుడు.

తల్లులకొక మనవి. నలుబది కిలోల బాలుడు ఆరు కిలోలకు మించి మోయరాదు. అందు రెండు కిలోలు త్రాగునీరే. కనుక ఇత్తడి డబ్బాలతో పిండివంటలు వలదు. అటుకులు, వేయించిన సెనగలు, బెల్లము చాలును. అవి కూడ చెమ్మ తగులకుండ కట్టవలయును.

బరువని చెప్పి దోమతెరను మాత్రము మానరాదు. దక్షిణ ఒడిశా కొండలు మలేరియాకు పేరుపడినవి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరభాష నేర్చుటకై ఈ యడవులలో తిరిగిన గిడుగు రామమూర్తి పంతులుగారు మలేరియా బారినపడి, వాడిన క్వినైనువలన వినికిడిని పోగొట్టుకొనిరి. (వాడుకభాషకై పోరాడిన వారినిగూర్చి మేము ఈ శైలిలో వ్రాయుచున్నందుకు వారు మన్నింతురుగాక.) మలేరియా దోమ ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవారువరకు కుట్టును. కావున సాయంకాలమున నిండుచేతుల చొక్కా, రాత్రి తెర. తెరకు చిరుగులున్నచో బయలుదేరుటకు ముందే కుట్టించుడు.

ఇల్లు చేరిన దినమే తెరను, దుప్పటిని ఎండలో వేయుడు, లేనిచో బూజు పట్టును. అటుపిమ్మట రెండు మూడు వారములలో, కొన్నిమారులు నెల దాటిన వెనుకనైనను, జ్వరము వచ్చెనేని, తల్లిదండ్రులు దానిని పడిశమని ఉపేక్షింపక, ఆ దినమే రక్తపరీక్ష చేయించి, బిడ్డ కొండకు పోయివచ్చెనని వైద్యునితో మొట్టమొదట చెప్పవలయును.