పికప్ వెనక చిన్న ట్రైలర్ కట్టే ముందు

అమెరికా వచ్చిన కొన్నేళ్లకు, చేతిలో నాలుగు డాలర్లు నిలిచాక, మనవాళ్లలో చాలామందికి పికప్ ట్రక్కు మీదికి మనసు పోతుంది. టెక్సస్‌లో ఉంటే మరీను. ట్రక్కు వచ్చాక దాని వెనక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ ఉంటే బాగుండుననిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. హోటల్ గదిలో పప్పూ అన్నం వండుకోలేం. దారి పొడవునా పిల్లలకు బర్గర్లే పెట్టలేం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని గుడారంలో నేల మీద పడుకోబెట్టలేం. వీటన్నిటికీ ట్రైలర్ చక్కగా సరిపోతుంది, కొనుక్కోమనే నేనంటాను. కాకపోతే సంతకం పెట్టకముందే ఒక లెక్క వేసుకోవాలి.

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది ట్రక్కు ఎంత లాగగలదన్న అంకె. 9,000 పౌండ్లు అని ఉంటుంది, మనం చూస్తున్న ట్రైలర్ 3,800 పౌండ్లే, ఇక దిగులేముంది అనుకుంటాం. నిజానికి కుటుంబంతో వెళ్లేవాళ్లకు ముందుగా అయిపోయేది లాగే శక్తి కాదు, ట్రక్కు తన వీపు మీద మోయగల బరువు. అది ప్రకటనలో కనిపించదు. డ్రైవరు డోరు తెరిస్తే లోపలి స్తంభం మీద టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పే స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీదే రాసి ఉంటుంది. అదే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నా వాటి అంకెలు ఒకటిగా ఉండకపోవచ్చు. హంగులు ఎక్కువున్న ట్రక్కుకు ఆ అంకె తక్కువగా ఉంటుంది.

ముందు బెంచి సీటుండి ఆరుగురు పట్టే ట్రక్కు అనుకుందాం. స్టిక్కరు మీద 1,350 పౌండ్లు ఉంది. మీరు 175, మీ ఆవిడ 140, పిల్లలిద్దరూ కలిపి 140, అమ్మానాన్నలు 300. మొత్తం 755. ట్రైలర్ ముక్కు భాగం ట్రక్కు మీద మోపే బరువు కూడా ఇందులోనే కలపాలి. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 3,800 పౌండ్ల ట్రైలర్‌కు సుమారు 490 అనుకోండి. ఇక మిగిలింది 105 పౌండ్లు. హిచ్ ఇనుము, కూలర్, జనరేటర్, బియ్యం బస్తా, అందరి సూట్‌కేసులూ ఆ 105లోనే సర్దుకోవాలి. సర్దుకోవు. ఇద్దరే వెళ్లినప్పుడు హాయిగా నడిచిన బండి పెద్దవాళ్లు వచ్చిన వేసవిలో హద్దు దాటేది ఇలాగే. అందుకే మీ కుటుంబం నిండుగా ఉన్న రోజును బట్టి ట్రక్కు ఎంచుకోండి. సామాను వీలైనంత ట్రైలర్‌లోకి మార్చండి, దానికీ ఒక హద్దు ఉందని మరవకుండా.

ట్రైలర్ బ్రోషర్‌లో రాసేది ఖాళీ బరువు. నీళ్లు, సరుకులు, పరుపులు అందులో లేవు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు తూగుతాయి, 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే 250 పౌండ్లు పెరిగినట్టే. పార్కులో కొళాయి ఉంటే ఇంటి దగ్గర నింపుకోవడం దండగ. మొదటిసారి సామాను ఎక్కించాక ట్రక్‌స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు వేరువేరుగా అచ్చువేసి కాగితం ఇస్తారు. ఆ కాగితం చేతికొస్తే ఊహలతో పని లేదు.

ముక్కు బరువు 10 శాతం కన్నా తగ్గితే ఏమవుతుందో ఎద్దుబండి ఎరిగిన ఇంటివాళ్లకు చెప్పనక్కర్లేదు. వెనక బరువెక్కితే నొగ పైకి లేచి ఎద్దుల మెడలు బిగుసుకుంటాయి. ఇక్కడ ట్రక్కు వెనక చక్రాల పట్టు సడలి, 60 మైళ్ల వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ట్రక్కును కూడా తనతో ఊపేస్తుంది. అప్పుడు చేయకూడనివి రెండు: ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగు విదిలించడం. కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీదున్న మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చేతికి అందేలా ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. సగం కన్నా ఎక్కువ సామాను, సుమారు 60 శాతం, ఇరుసుకు ముందు వైపు పెడితే ఈ అవస్థ చాలావరకు రాదు.

ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఎప్పుడు తప్పనిసరో ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చెబుతుంది. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటితే, క్యాలిఫోర్నియాలో 1,500 దాటితే. చట్టం అడగకపోయినా 2,000 పౌండ్లు దాటిన దేనికైనా బ్రేకులు ఉండాల్సిందేనని నా అభిప్రాయం. ట్రక్కులో ఏడు పిన్నుల ప్లగ్, బ్రేక్ కంట్రోలర్ ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూడండి. నాలుగు పిన్నుల ప్లగ్ లైట్లు వెలిగిస్తుందే తప్ప ఎలక్ట్రిక్ బ్రేకులకు పనికిరాదు. విమానాశ్రయంలో పికప్ అద్దెకు తీసుకుని ట్రైలర్ లాగుదామనుకునేవాళ్లు ఒప్పందం చదువుకోవాలి, చాలా కంపెనీలు దానికి ఒప్పుకోవు. బీమా ఏజెంటును కూడా ఒక ప్రశ్న అడగండి: ట్రైలర్ వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం సరే, ట్రైలర్‌కే దెబ్బ తగిలితే ఎవరు కడతారు?

తగిలించే పనిని తొందరలో, మాటల్లో పడి చేయకండి. హిచ్ బాల్ 2 అంగుళాలదో, 2 5/16 అంగుళాలదో దాని మీదే చెక్కి ఉంటుంది. ట్రైలర్ కప్లర్ మీద రాసిన కొలతతో అది సరిగ్గా కలవాలి. చిన్న బాల్ పెద్ద కప్లర్‌లో కూర్చున్నట్టే కనిపించి గతుకులో ఊడిపోతుంది. కప్లర్ దించి, గొళ్లెం వేసి, పిన్ను పెట్టాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగవద్దు. జాకీ తిప్పి ట్రైలర్ ముక్కును మళ్లీ కొంచెం పైకి లేపండి. ట్రక్కు వెనక భాగం దానితోపాటు లేస్తే బాల్ నిజంగా పట్టుకున్నట్టు. కప్లర్ ఒక్కటే లేచిందా, పట్టుకోనట్టే. తర్వాత గొలుసులు రెండూ కింద ఒకదాన్నొకటి దాటేలా తగిలించాలి. ట్రైలర్ ఊడితే దాని ముక్కు రోడ్డు మీద గుచ్చుకోకుండా ఆ గొలుసులే ఆపుతాయి. బ్రేక్‌అవే తీగను గొలుసులకు కాకుండా ట్రక్కుకే విడిగా తగిలించండి. ట్రైలర్ విడిపోయినప్పుడు బ్రేకులు వేయించేది అదే. చక్రాల కింది దిమ్మలు తీయడం చివరి పని. విప్పేటప్పుడు ఆ దిమ్మలు పెట్టడమే మొదటి పని.

వెనక్కి నడపడం ఖాళీ పార్కింగ్ లాట్‌లో నేర్చుకోండి. స్టీరింగు అడుగున చెయ్యి పెట్టి, ట్రైలర్ వెనక భాగం ఏ వైపు వెళ్లాలో చేతిని ఆ వైపే జరపాలి. క్యాంపులో వెనక నిలబడి దారి చూపేది ఒక్కరే ఉండాలి. మన ఇళ్లలో నలుగురూ దిగి నాలుగు మాటలు చెబుతారు, డ్రైవరు ఎవరి మాట వినాలో తెలియక చెట్టుకు కొడతాడు. దారి చూపే మనిషి అద్దంలో కనిపించకపోతే బండి ఆపేయడమే నియమం.

టెక్సస్ రోడ్ల మీద 75 అని బోర్డు ఉన్నా అది మీకు కాదు. చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్ల వేగానికే చేసినవి. క్యాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే ఏ బండికైనా చట్టం ప్రకారమే 55. పాత ట్రైలర్ కొంటే టైరు పక్కన డాట్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు కొత్తగా కనిపిస్తున్నా అంత పాతదాన్ని మార్చేయాలి. నాన్నగారు నడుము నొప్పిగా ఉంది, వెనక ట్రైలర్‌లో పడుకుంటానంటే ససేమిరా ఒప్పుకోవద్దు. చాలా రాష్ట్రాల్లో అది నేరం. ఒప్పుకునే చోట కూడా లోపల సీటు బెల్టులు ఉండవు. అమ్మకు మోకాళ్ల నొప్పులుంటే ట్రైలర్ మెట్టు ఎత్తు చూసి కొనండి.

న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు వెళ్లేవాళ్లు బాల్టిమోర్ దగ్గర దారి ముందే చూసుకోవాలి. మామూలు ట్రైలర్‌కు ఉండే ప్రొపేన్ సిలిండర్లతో హార్బర్ సొరంగంలోకి గానీ ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగంలోకి గానీ వెళ్లనివ్వరు. ఒకప్పుడు కీ బ్రిడ్జి మీదుగా పోయేవాళ్లు, 2024 మార్చిలో నౌక ఢీకొని అది కూలిపోయింది. కాబట్టి 695 రింగు రోడ్డులో పడమటి వైపు చుట్టి వెళ్లాలి.

క్యాంపు చేరాక మన వంటకు సంబంధించిన చిక్కులు కొన్ని ఉన్నాయి. 30 ఆంపుల కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్‌లో అన్నం పెట్టి, మైక్రోవేవ్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. పోపు బయట పొయ్యి మీద వేయండి, ఆ ఘాటు లోపలి పరుపులకు పడితే నెలలు పోదు. సింకులో మెతుకులు, కరివేపాకు వదలకుండా జాలీ పెట్టండి. సింకు నీళ్లను నేల మీద పారబోయడం చాలా పార్కుల్లో నిషేధం, డంప్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి. మరుగుదొడ్డి ట్యాంకు ముందు వదిలి, సింకు నీళ్ల ట్యాంకు తర్వాత వదిలితే గొట్టం దానంతట అదే కడుక్కుంటుంది.

ఎలుగుబంట్లున్న పార్కుల్లో ఆవకాయ సీసా కూడా తిండి కిందే లెక్క. యోసెమిటీలో చీకటి పడ్డాక ట్రక్కులో తినేదేదీ ఉంచకూడదు. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపులోకి గుడ్డ గోడలున్న మడత ట్రైలర్లను రానివ్వరు. చవక అని అలాంటిది కొనాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

టెక్సస్ స్టేట్ పార్కుల్లో చోటు ఐదు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. మంచి వారాంతాలు తొందరగా అయిపోతాయి, అందుకని పెద్దవాళ్లు జూన్‌లో వస్తుంటే జనవరిలోనే చూడండి. అయితే మొదటి ప్రయాణం వాళ్లతో పెట్టుకోకండి. వాళ్లు రాకముందే ఒక మామూలు వారాంతంలో, మీ ఇంటికి గంటలోపు దూరంలో ఉన్న పార్కుకు వెళ్లి ఒక రాత్రి ఉండి రండి. డాలస్‌లో ఉంటే సీడర్ హిల్ స్టేట్ పార్కు అందుకు సరిపోతుంది.