త్రాగుడు వ్యసనమునకు చికిత్స: పంచాయతీలు తెలిసికొనవలసిన విషయములు

త్రాగుడు వలన పుట్టిన తగవులు గ్రామపెద్దల యెదుటకు తరచుగా వచ్చుచుండును. కూలిడబ్బు ఇంటికి చేరలేదని ఒక ఇల్లాలు మొరపెట్టుకొనును. మైకములో పొరుగువానిపై చేయి చేసికొనెనని మరియొకనిపై ఫిర్యాదు వచ్చును. పెద్దలు త్రాగినవానిని పిలిపించి, నలుగురిలో మందలించి, ఇకమీదట ముట్టనని ప్రమాణము చేయించి పంపుదురు. కొందరు ఆ మాట నిలుపుకొందురు. కొందరు వారము తిరుగకముందే మరల త్రాగుదురు. మరికొందరు మాట నిలుపుకొనబోయి ప్రాణాపాయము తెచ్చుకొందురు.

ఒకే మందలింపునకు ఇట్లు మూడు విధములైన ఫలితములు కలుగుటకు కారణమేమి? త్రాగువారందరు ఒకే స్థితిలో లేకపోవుటయే కారణమని వైద్యపరిశోధనలు తెలుపుచున్నవి. ఎవరి స్థితికి తగిన సహాయము వారికి అందవలెను. దీనిని పంచాయతీ సభ్యులు చక్కగా గ్రహించినచో గ్రామమున అనేక కుటుంబములు నిలబడును.

సమస్య యెంతటిది?

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ తరపున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు దేశవ్యాప్తముగా సర్వే జరిపిరి. ఆ నివేదిక 2019లో వెలువడినది. 10 మొదలు 75 సంవత్సరముల వయస్సు గలవారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్ల మంది, మద్యము సేవించుచున్నట్లు అందు తేలినది. వీరిలో 5 కోట్ల 70 లక్షల మందికి పైగా సహాయము అవసరమైన స్థితిలో నుండిరి. కాని మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పిరి. చికిత్స లేక కాదు, అది రోగికి చేరకపోవుటయే పెద్ద లోపము.

పది ప్రశ్నల పరీక్ష

ఎవరు ఏ స్థితిలో నున్నారో తెలిసికొనుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆరు దేశములలో పరిశోధన జరిపించి పది ప్రశ్నల పట్టిక నొకదానిని తయారు చేయించినది. దీనిని ‘ఆడిట్’ అందురు. ఎన్ని దినముల కొకసారి త్రాగుదురు, ఒక్కొక్క పర్యాయము ఎంత త్రాగుదురు, ఉదయము లేవగానే త్రాగవలసి వచ్చుచున్నదా, త్రాగుడు వలన చేయవలసిన పని చెడినదా, ఎవరికైన గాయము కలిగినదా అను విధముగా ప్రశ్నలుండును. మొత్తము మార్కులు 40. 8 మార్కులకు తక్కువ వచ్చినవారికి సాధారణముగా పెద్ద అపాయము లేదు. 8 మొదలు 15 వరకు వచ్చినవారికి సూటియైన హితబోధ అవసరము. 16 మొదలు 19 వరకు వచ్చినవారికి దానితోపాటు సలహా సంభాషణలు జరిపి, కొంతకాలము కనిపెట్టి చూడవలెను. 20 గాని అంతకు మించి గాని వచ్చినవారిని నిపుణుడైన వైద్యుని వద్దకు పంపవలెను.

ఈ పరీక్ష ఆరోగ్య కేంద్రములో, ఏకాంతమున జరుగవలసినది. రచ్చబండ వద్ద జరుగవలసినది కాదు. నలుగురిలో అడిగినచో ఎవ్వరును నిజము చెప్పరు.

గోవాలో జరిగిన పరిశోధన

మానసిక వైద్యులు లేని పల్లెలలో సలహా చెప్పువారెవరు అను సందేహము సహజము. దీనికి సమాధానము మన దేశములోనే లభించినది. గోవా రాష్ట్రములో ‘సంగత్’ అను సంస్థకు చెందిన పరిశోధకులు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు వచ్చిన రోగులలో, పైపరీక్షలో 12 మొదలు 19 వరకు మార్కులు వచ్చిన 377 మంది పురుషులను ఎన్నుకొనిరి. ఎన్నికలలో ఓట్లు సమానమైనప్పుడు చీటీ తీసినట్లుగా, ఎవరి ఇష్టానిష్టములకును తావు లేకుండ, వారిని రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారికి ఆరోగ్య కేంద్రములో లభించు వైద్యమును కొంత మెరుగుపరచి అందించిరి. రెండవ జట్టువారికి ఆ వైద్యముతోపాటు నాలుగు పర్యాయములకు మించకుండ సలహా సంభాషణలు జరిపిరి.

ఆ సంభాషణలు జరిపినవారు వైద్యులు కారు. మానసిక వైద్యములో పూర్వానుభవము లేని స్థానికులే శిక్షణ పొంది ఈ పని చేసిరి. వారు రోగిని నిందింపలేదు. త్రాగుడు వలన అతనికి కలిగిన నష్టములను అతనిచేతనే లెక్క వేయించిరి. మిత్రులు బలవంతము చేసినప్పుడు కాదనుట యెట్లు, కోరిక పుట్టినప్పుడు మనస్సును మళ్లించుట యెట్లు, మాని వేసిన పిదప మరల జారిపడకుండుట యెట్లు అను విషయములు నేర్పిరి.

మూడు నెలల తరువాత ఇరుజట్లను పరీక్షించిరి. గడచిన రెండు వారములలో మద్యము ముట్టనివారు సంభాషణలు జరిగిన జట్టులో నూటికి 42 మంది, రెండవ జట్టులో నూటికి 18 మంది. పన్నెండు నెలల తరువాత చూడగా, 8 మార్కులకు దిగువకు వచ్చి కోలుకొన్నవారు మొదటివారిలో నూటికి 54 మంది, రెండవవారిలో 32 మంది.

ఈ అంకెలను నిదానముగా చదువవలెను. సంభాషణలు లేని జట్టులోను కొందరు బాగుపడిరి. సంభాషణలు జరిగినను దాదాపు సగము మంది కోలుకొనలేదు. మూడు నెలలనాటికి ఇంకను త్రాగుచున్నవారిలో త్రాగు పరిమాణము చెప్పుకొనదగినంత తగ్గలేదు. కావున ఇది మంత్రము కాదు. అయినను, వైద్యుడు కాని యొక మనిషి ఓర్పుతో నాలుగుసార్లు మాట్లాడుటచే నూటికి మరి ఇరువదిమంది కోలుకొనుట ఏ గ్రామమునకైనను గొప్ప లాభము.

ఒక్కసారిగ మాన్పించుటలో గల అపాయము

సభ్యులు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసిన విషయ మిది. ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగుచు, ఉదయము త్రాగనిదే చేతులు వణకు స్థితికి వచ్చినవాడు హఠాత్తుగా మానినచో కొన్ని గంటలలోనే వణకు, చెమటలు, వాంతులు, నిద్ర లేమి కలుగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మొదలు నాలుగు దినముల మధ్య కొందరికి మతి చలించి, లేనివి కనుపించి, జ్వరము హెచ్చి ప్రాణము మీదికి వచ్చును. ఇంటివారు దీనిని గాలి సోకినదని భ్రమపడి కాలము వృథా చేయుట కద్దు. ఇది వైద్యశాలలో నయమగు వ్యాధి. వైద్యులు తగిన మందులను మొదట హెచ్చుగా ఇచ్చి క్రమముగా తగ్గింతురు. శరీరములో కొరవడిన థయమిన్ అను బి-1 విటమినును సూదిమందుగా ఇత్తురు.

2020 మార్చిలో కరోనా కారణమున మద్యపు దుకాణములు, కల్లు దుకాణములు ఒక్కసారిగ మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు ఇట్టి లక్షణములతో పెక్కుమంది వచ్చిరి. కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మందులను కల్తీ చేయుటచే, అట్టి కల్లు మానినవారికిని మూర్ఛలు వచ్చుచుండును. కావున ఊరంతయు ఒకే దినమున మానవలెనని తీర్మానించుటకు ముందు, ఈ స్థితిలో నున్నవారిని వైద్యునికి చూపవలెను. అట్టివానిని గదిలో బంధించుట కూడదు. మానసిక రోగులను గొలుసులతో కట్టుటను 2017నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము నిషేధించినది. మద్యము వలన కలుగు మానసిక రుగ్మతలును ఆ చట్టపు పరిధిలోనివే.

మందులు

1948లో డెన్మార్కు దేశపు పరిశోధకులు డైసల్ఫిరామ్ అను మందు యొక్క గుణమును వెల్లడించిరి. దీనిని పుచ్చుకొన్నవాడు మద్యము త్రాగినచో ముఖము ఎఱ్ఱబారి, గుండె దడ, వాంతులు కలుగును. ఆ భయముచే త్రాగుడు మానును. కాని ఇది రోగి ఎఱిగి, ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన మందు. కొందరు ఇల్లాండ్రు ఆశకొద్ది ఇట్టి మందులను భర్తకు తెలియకుండ అన్నములోను చారులోను కలుపుచుందురు. తెలియక త్రాగినవానికి రక్తపుపోటు పడిపోయి ప్రాణహాని కలుగవచ్చును. ఈ విషయమును మహిళాసంఘములలో తప్పక చెప్పవలెను. త్రాగవలెనను కోరికను తగ్గించు నాల్ట్రెక్సోన్ అను మందును అమెరికా ప్రభుత్వము 1994లో ఈ వ్యాధికి ఆమోదించినది. ఇదియు వైద్యుని సలహాపైననే వాడదగినది.

నివారణ

రోగిని బాగుచేయుట యెంత ముఖ్యమో, క్రొత్త రోగులు పుట్టకుండ చూచుటయు అంత ముఖ్యము. మద్యము సులభముగా దొరకినకొలది త్రాగుడు హెచ్చునని అనేక దేశముల అనుభవము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించుటతో బలపడిన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారి తీసినది. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినది. నిషేధము వచ్చినను పోయినను, అప్పటికే వ్యసనమునకు లోబడినవానికి చికిత్స అవసరము తీరదు. దుకాణముపై అదుపును, రోగికి వైద్యమును రెండు ఎడ్లవలె కలిసి నడువవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఆరోగ్య కేంద్రపు వైద్యుని ఒకసారి సభకు ఆహ్వానించి, పది ప్రశ్నల పరీక్ష అచ్చట జరుగు ఏర్పాటును గూర్చి చర్చింపవలెను.

2. ఓర్పు గలిగి, రహస్యము కాపాడగల స్త్రీ పురుషులను కొందరిని గుర్తించి, ఆరోగ్య సిబ్బంది ద్వారా వారికి శిక్షణ కోరవలెను. రోగుల పేర్లు పంచాయతీ పుస్తకములకు ఎక్కరాదు.

3. మానిన కొద్ది గంటలలో వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగినవానిని వెంటనే 108 వాహనములో వైద్యశాలకు పంపవలెను.

4. వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్య సలహాలకు 14416 అను ఉచిత ఫోను నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.

5. బెల్టు షాపులను, కల్తీ కల్లును గూర్చి ఎక్సైజు శాఖకు వ్రాతమూలకముగా తెలుపవలెను.

6. భార్యాబిడ్డలను కొట్టుట త్రాగుడు పేరిట క్షమింపదగినది కాదు. చికిత్స వేరు, చట్టము వేరు. బాధితులకు రక్షణ వెంటనే కల్పింపవలెను.

క్షయరోగిని ఊరివారు నేడు పంచాయతీకి పిలిచి మందలింపరు, వైద్యశాలకు పంపుదురు. త్రాగుడు వ్యసనము విషయములోను అట్టి వివేకమునే చూపవలెను. రాబోవు గ్రామసభలో ఈ అంశమును చర్చకు పెట్టి, వైద్యము లేక మిగిలిపోయిన ఆ ముప్పదియేడుగురిలో మన ఊరివారు ఎందరో విచారించి, వారికి దారి చూపుట సభ్యుల కర్తవ్యము.