కీళ్ల నొప్పికి మందు అడిగే ముందు బోరు నీళ్లు చూడండి

కీళ్ల నొప్పిని యునానీలో వజఉల్ మఫాసిల్ అంటాము. మాజూన్ సూరంజాన్ వంటి మందులు ఇస్తాము. అయితే వేప్పనపల్లి చుట్టుపక్కల ప్రతి నొప్పినీ వాతమే అనుకోకూడదు. పెద్దలకు నడుము, మెడ పట్టేసి, అదే ఇంట్లో పిల్లల పళ్లకు మరకలుంటే, తాగే నీటిలోని ఫ్లోరైడును అనుమానించాలి.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భ రాళ్లలో ఫ్లోరైడు ఉంది. అది బోరు నీటిలో కరిగినా రంగు, రుచి, వాసన మారవు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మేలు. 1.5 దాటితే తాగరాదు. ఈ జబ్బును మన దేశంలో మొదట 1937లో ఆనాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. మన రెండు జిల్లాలకు కావేరి నీళ్లిచ్చే హొగెనకల్ పథకం 2013లో మొదలైంది కూడా ఈ బాధ తగ్గించడానికే. ఆ నీళ్లు వచ్చినా, బోరు నీళ్లు తాగుతున్నా, కలిపి వాడుతున్నా జాగ్రత్త అవసరం.

ఇంట్లో ఇలా చూడండి

పిల్లల ముందు పళ్లపై అడ్డంగా సుద్దలాంటి తెల్లని లేక గోధుమరంగు గీతలున్నాయా? అవి తోమినా పోవు. జంట పళ్లపై ఒకేలా ఉంటాయి.

పెద్దలు మూడు పనులు చేయాలి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు తాకాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి. చేతులు మడిచి తల వెనుక పెట్టాలి. చేయలేకపోయినా, రుకూలో నడుము వంగకపోయినా డాక్టరుకు చూపించాలి. ఇవి అనుమానానికి మాత్రమే. మూత్ర పరీక్ష, ఎక్స్‌రే, నీటి పరీక్ష కలిపి చూస్తేనే తేలుతుంది.

ఊరంతటికీ చేయాలంటే, జమాత్ పెద్దలు ఒకరోజు కేటాయించి ప్రతి కుటుంబం పేరు ఎదురుగా పళ్లు, నడుము వివరాలతో పాటు ఏ బోరు నీళ్లు తాగుతారో కూడా రాయించాలి. ఒకే బోరు వాడే నాలుగైదు ఇళ్లలో లక్షణాలుంటే, ముందు ఆ నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి తమిళనాడు నీటి సరఫరా బోర్డు జిల్లా ప్రయోగశాలకు పంపాలి. పక్కపక్క బోర్లలో కూడా తేడా ఉంటుంది. కాబట్టి ఒకటి బాగుందని రెండోది తాగకండి.

ఏమి చేయాలి?

నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు మాత్రం కావేరి నీరో, శుభ్రంగా పట్టిన వాన నీరో, ఆర్‌ఓ నీరో వాడండి. వుజూకు, స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడవచ్చు. పాలు, పెరుగు, రాగి సంగటి, ఉసిరికాయ మేలు చేస్తాయి. నల్ల ఉప్పు, అది కలిసిన చూర్ణాలు, పాలు లేని చిక్కటి టీ తగ్గించండి.

బిగుసుకున్న ఎముకను ఏ మాజూనూ వెనక్కి తేలేదు. పంటి మరకా మందుతో పోదు. శాశ్వత దంతాలు ఎనిమిదేళ్లలోపే లోపల తయారవుతాయి. అందుకే ముందుగా చిన్న పిల్లలున్న ఇళ్ల నీళ్లను పరీక్షకు పంపండి.