మోడల్ క్రియ ఉన్న ఇంగ్లిష్ వాక్యంలో తప్పును ఎక్కడ వెతకాలి?

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్ష తొలి దశలో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు ఉంటాయి. తప్పు జవాబుకు అర మార్కు కోత పడుతుంది కనుక, వాక్యంలోని దోషాన్ని గుర్తించమనే ప్రశ్నల్లో చెవికి బాగున్నదాన్ని బట్టి జవాబు గుర్తించడం నష్టదాయకం. ఇలాంటి ప్రశ్నల్లో తరచుగా ఎదురయ్యే డిటర్మినర్, నామవాచకం, మోడల్ క్రియల వరుసకు మాత్రం స్పష్టమైన తర్కం ఉంది.

నామవాచకానికి ముందు నిలిచి అది ఏది, ఎవరిది, ఎంత, ఎన్ని అనే సంగతిని తేల్చే పదమే డిటర్మినర్. 'ఎ', 'ద' అనే ఆర్టికల్స్, 'దిస్', 'దీజ్', 'మై', 'ఈచ్', 'ఎవ్రీ', 'మెనీ', 'మచ్' వంటివన్నీ ఈ కోవలోవే. ప్రధాన క్రియకు ముందు చేరి సామర్థ్యం, అనుమతి, అవకాశం, విధి వంటి అర్థాలను కలిపే సహాయక క్రియలు మోడల్ క్రియలు. క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే తొమ్మిదీ వీటిలో ముఖ్యమైనవి.

సాధారణ వర్తమాన కాల వాక్యంలో కర్త ఏకవచనమా బహువచనమా అన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది కాబట్టి అభ్యర్థి రెండు వైపులా చూడాలి. మోడల్ వచ్చిందంటే ఆ మార్పు ఆగిపోతుంది: 'ఎవ్రీ క్యాండిడేట్ మస్ట్ సైన్', 'ఆల్ క్యాండిడేట్స్ మస్ట్ సైన్' అనే రెండింటిలోనూ క్రియ ఒక్కటే. అందువల్ల ఈ వరుసకు సంబంధించిన తప్పు ఉంటే, అది మోడల్‌కు ఎడమ వైపున డిటర్మినర్‌కూ నామవాచకానికీ పొత్తు కుదరకపోవడంలోనో, కుడి వైపున దాని తర్వాతి క్రియ మూల రూపంలో లేకపోవడంలోనో ఉంటుంది.

ఎడమ వైపు విషయమే ఎక్కువ శ్రద్ధ కోరుతుంది. తెలుగులో 'ఈ పుస్తకం', 'ఈ పుస్తకాలు' అన్నప్పుడు 'ఈ' మారదు; ఇంగ్లిష్‌లో 'దిస్ బుక్' కాస్తా 'దీజ్ బుక్స్' అవుతుంది. ఆ అలవాటు వల్లే 'దిస్ డాక్యుమెంట్స్ మే బి సబ్మిటెడ్' అనే తప్పు కంటికి ఆనదు. 'ప్రతి విద్యార్థి' అని తెలుగులో ఏకవచనమే వాడతాం. 'ఎవ్రీ', 'ఈచ్' పక్కన ఇంగ్లిష్‌లోనూ అంతే. 'ఎన్ని', 'ఎంత' అనే తేడా తెలిసినవారికి 'మెనీ', 'మచ్' కష్టం కాదు గానీ, ఏ నామవాచకాన్ని లెక్కించవచ్చన్న విషయంలో రెండు భాషలూ ఏకీభవించవు. తెలుగులో సలహాలు ఎన్నైనా ఉంటాయి. ఇంగ్లిష్‌లో 'అడ్వైస్'కు బహువచనం చేర్చకూడదు. 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్', 'లగేజ్', 'ఎక్విప్‌మెంట్' కూడా అలాంటివే కాబట్టి, వీటిని విడిగా కంఠస్థం చేయడమే మేలు.

కుడి వైపున నియమం చిన్నది. అతను చేయాలి, ఆమె చేయాలి, వారు చేయాలి అన్నప్పుడు 'చేయాలి' ఎలా మారకుండా ఉంటుందో, మోడల్ తర్వాతి క్రియ కూడా అలాగే మూల రూపంలో ఉంటుంది. 'మస్ట్ సైన్స్', 'క్యాన్ టు గో', 'కుడ్ ఏబుల్ టు' అనేవి మూడూ తప్పులే. ఆ తొమ్మిదింటిలో లేని 'ఆట్' పక్కన మాత్రం 'టు' తప్పనిసరి. 'హ్యావ్ టు' విధిని చెప్పినా తొమ్మిదింటిలో చేరదు, కర్తను బట్టి 'హ్యాజ్ టు' అవుతుంది. ప్రశ్నపత్రం ఇక్కడే వల వేస్తుంది.

ఉద్యోగంలో చేరాక మోడల్ ఎంపిక మరింత బరువైన విషయమవుతుంది. చట్టాల భాషలో 'షల్' విధిని, 'మే' సాధారణంగా విచక్షణను సూచిస్తాయి. సమానత్వాన్ని చెప్పే రాజ్యాంగం 14వ అధికరణ ఇంగ్లిష్ పాఠంలో 'ద స్టేట్' పక్కన 'షల్ నాట్' ఉండటం వల్లే అది రాజ్యానికి కచ్చితమైన నిషేధం అయింది, 'ఎనీ పర్సన్' అనడం వల్ల ఆ రక్షణ పౌరులకే పరిమితం కాలేదు. కార్యాలయ ఉత్తరంలో పై అధికారిని 'యు మస్ట్ సెండ్' అని కోరడం వ్యాకరణానికి సరిపోయినా మర్యాదకు సరిపోదు. అక్కడ 'కుడ్ యు ప్లీజ్ సెండ్' అనాలి.

ఈ నిర్మాణాన్ని సాధన చేయడానికి ఖరీదైన పుస్తకాలు అవసరం లేదు. ఉద్యోగ నోటిఫికేషన్ ఇంగ్లిష్ ప్రతిలోనూ, హాల్ టికెట్ మీది సూచనల్లోనూ ఇవే వాక్యాలు దండిగా ఉంటాయి. అభ్యర్థులు వాటిని అర్హతల కోసం ఒకసారి చదివి వదిలేయకుండా, ప్రతి మోడల్ కింద గీత గీసి, దానికి రెండు వైపులా ఏముందో రోజుకు ఒక పేజీ చొప్పున పరిశీలించాలి.