పత్తి మిల్లుకు నైతిక వ్యాపార గుర్తింపు: ఎక్కడ మొదలుపెట్టాలి

నరసరావుపేట



నైతిక వ్యాపార సర్టిఫికెట్ కావాలనుకునే కంపెనీ ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: తన వ్యాపారం వల్ల ఎక్కువ హాని ఎక్కడ, ఎవరికి జరుగుతోంది? మొక్కలు నాటడం, రక్తదాన శిబిరాలు పెట్టడం మంచి పనులే. అయితే ఆ ప్రశ్నకు జవాబు వెతక్కుండా వేసుకున్న ప్రణాళిక ఆడిటర్ ముందు నిలవదు. దానివల్ల రైతుకు గానీ కూలీకి గానీ ఒరిగేదీ ఉండదు.

ఒక్క పల్నాడు జిల్లాలోనే ఈ జవాబు పరిశ్రమకో రకంగా ఉంటుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో సమస్య రాయిలోనే ఉంది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. అంటే టన్ను సున్నానికి దాదాపు 785 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. ఇంధనం పొగ దీనికి అదనం. బట్టీ యజమాని ఆఫీసు పైకప్పు నిండా సోలార్ పలకలు వేయించినా ఈ లెక్క మారదు. మిర్చి కోల్డ్ స్టోరేజీకి కరెంటు వాడకం, కారం మిల్లుకు పురుగుమందుల అవశేషాలు ముఖ్యం. పత్తి జిన్నింగ్ మిల్లులో నీటి ఖర్చు తక్కువే. అక్కడ చూడాల్సినవి దుమ్ము, కూలీల స్థితిగతులు, పత్తి పుట్టుపూర్వోత్తరాలు.

జిన్నింగ్ మిల్లుకు పనికొచ్చే గుర్తింపులు ప్రధానంగా మూడు. మొదటిది బీ కార్ప్. 2006లో అమెరికాలో మొదలైన బీ ల్యాబ్ దీన్ని ఇస్తుంది, కంపెనీని మొత్తంగా పరిశీలిస్తుంది. చాలాకాలం కనీసం 80 పాయింట్లు తెచ్చుకుంటే సరిపోయేది. 2025 ఏప్రిల్‌లో వెలువడిన కొత్త ప్రమాణాల్లో ఏడు అంశాలున్నాయి, ప్రతి అంశంలోనూ కనీస అర్హత చూపాలి. వాతావరణం విషయంలో బాగా చేశామని చెప్పి కూలీల విషయంలో లోటు పూడ్చుకోవడం ఇక కుదరదు. వాటాదారులతో పాటు ఉద్యోగుల, సమాజ, పర్యావరణ మేలు కూడా చూస్తామని కంపెనీ నిబంధనావళిలో రాసుకోమని బీ కార్ప్ అడుగుతుంది. మన 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ డైరెక్టర్ల బాధ్యతల్లో ఇదే మాట చెబుతోంది.

రెండోది సేంద్రియ వస్త్రాలకు ఇచ్చే గాట్స్. దీని తనిఖీ జిన్నింగ్ దగ్గరే మొదలవుతుంది. అయితే జన్యుమార్పిడి విత్తనానికి ఇందులో చోటు లేదు. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా జన్యుమార్పిడి చేసిన బీటీయే కాబట్టి, బయట యార్డులో కొన్న పత్తితో గాట్స్ రాదు. రైతులను కూడగట్టాలి, బీటీ కాని విత్తనం సంపాదించాలి, భూమి సేంద్రియానికి మారే ఏళ్లు ఓపిక పట్టాలి. ఆదిలాబాద్ ప్రాంతంలో 2004 నుంచి చేత్నా ఆర్గానిక్ రైతు సంఘాలతో ఈ దారిలోనే నడిచింది. మూడోది 1997లో వచ్చిన ఎస్ఏ 8000. ఇది పనివారి హక్కులకే పరిమితం. కొత్తగా అడుగుపెట్టే మిల్లుకు ముందు పనివారి వ్యవహారం చక్కదిద్దుకుని, తర్వాత బీ కార్ప్‌కు వెళ్లడమే సరైన వరుస.

ప్రణాళికలో తొలి మెట్టు చట్టం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గడువు, కనీస వేతనం, ఇరవై మంది లేదా అంతకు మించి ఉంటే పీఎఫ్, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ, అగ్నిమాపక ఏర్పాట్లు సక్రమంగా ఉండాలి. ముఠా మేస్త్రి ద్వారా వచ్చేవారి పేర్లు కూడా హాజరు పట్టీలో ఎక్కాలి. చట్టం అడిగేది చేసి దాన్ని గొప్ప కార్యక్రమంగా చూపించుకోకూడదు.

రెండో మెట్టు ఒక సీజన్ పాటు నిజాయితీగా కొలవడం. కరెంటు యూనిట్లు, జనరేటర్ డీజిలు, జీతాలు, ప్రమాదాలు, సెలవులు నెలనెలా రాయాలి. గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున లెక్కకట్టవచ్చు. దుమ్ముకు యంత్రంతో కొలత ఎంత అవసరమో పనివారితో మాట్లాడటమూ అంతే అవసరం. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ తొలిదశలో వారపు సెలవు తర్వాత పనికి వచ్చిన రోజే ఛాతీ పట్టేసినట్లు ఉంటుంది, మిగతా రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజు అడిగితేనే జబ్బు బయటపడుతుంది. డబుల్ రోలర్ జిన్లలో క్రోమియంతో పదును చేసిన తోలు రోలర్లు ఉంటే, అవి అరిగేకొద్దీ క్రోమియం దుమ్ములోనూ దూదిలోనూ కలుస్తుంది. వాటి స్థానంలో క్రోమియం లేని రోలర్లు వేయించడం వంద మొక్కల కన్నా విలువైన పని.

మూడో మెట్టు ప్రహరీ దాటి చూడటం. పల్నాడు చేలల్లో పత్తి తీతకు, మిర్చి కోతకు కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా కుటుంబాలు సుగ్గికి, అంటే సీజన్ కూలి పనికి, వస్తాయి. పెద్దలతో పాటు బడి మానేసిన పిల్లలూ వస్తారు. మిల్లు ఆవరణలో పిల్లలెవరూ లేరన్నంత మాత్రాన ఆ మిల్లు దూది బాలకార్మికుల చేయి పడనిదని చెప్పలేం. ఏ ఊరి ఏ రైతు పత్తి ఏ లాట్‌లో పడిందో రాసుకోవాలి. ఆ ఊళ్లలో కూలి రేటు, తాగునీరు, గుడారాలు, పిల్లల చదువు ఎలా ఉన్నాయో తీత జరిగే రోజుల్లోనే వెళ్లి చూడాలి. పాలిథిన్ సంచులకు బదులు రైతులకు నూలు గుడ్డ సంచులిస్తే దూదిలో ప్లాస్టిక్ పోగులు పడవు, ధరా పెరుగుతుంది.

నాలుగో మెట్టు రుజువు. క్వింటాల్ పత్తికి దాదాపు 33 నుంచి 36 కిలోల దూది వస్తుంది. 170 కిలోల బేలుకు సుమారు ఐదు క్వింటాళ్లు కావాలి. కొన్న పత్తికి మించి బేళ్లు అమ్మినట్లు కాగితాలుంటే ఆడిటర్ కాటా చీటీలతోనే పట్టేస్తాడు. 2020లో మన దేశంలో నకిలీ పత్రాలతో 20 వేల టన్నుల పత్తి సేంద్రియంగా చలామణీ అయిందని గాట్స్ బయటపెట్టి, 11 కంపెనీలను నిషేధించింది. ఆ దెబ్బ నిజాయితీగా పండించిన రైతుల మీదా పడింది.

కాలపట్టిక మిల్లు సీజన్‌ను బట్టే కుదురుతుంది. తొలి సీజన్‌లో కొలత, ఎండాకాలం ఖాళీలో రోలర్లు, దుమ్ము గొట్టాలు, సోలార్ పనులు, రెండో సీజన్‌లో మార్పు నిజంగా వచ్చిందో లేదో చూసుకోవడం, ఆపైనే దరఖాస్తు. లక్ష్యాలు మూడు నాలుగుకు మించకూడదు. ఒక్కోదానికి బాధ్యుడు, గడువు, డబ్బు ముందే కేటాయించాలి. ఆరు నెలల్లో సర్టిఫికెట్ తెప్పిస్తామనే కన్సల్టెంట్లను దూరంగా ఉంచాలి.

సర్టిఫికెట్ రావడం ఒక ఏడాది ఆలస్యమైనా మిల్లుకు నష్టం లేదు. పనివాడి ఊపిరి, రైతు నమ్మకం పోతే మాత్రం వాటిని ఏ సర్టిఫికెట్టూ తిరిగి తేలేదు. ప్రణాళికలో మొదటి రూపాయి వాటికే ఖర్చు కావాలి.


పెదనాన్న